పడుగు రెండో కొస

విజయవాడ, మొగల్రాజపురం
జూన్

పూజ్యులైన తాతయ్య గారికి,

"నా కూతుర్ని చంపినవాడి తరఫున నా మనవరాలే వకాల్తా పుచ్చుకుంది." ఇదీ మీరు నామీద మోపిన నేరం. పెళ్ళికి ముందు హెచ్.ఐ.వి. పరీక్షకు బలవంతపెట్టకూడదని వాదించి లా కాలేజీ చర్చాపోటీలో నేను గెలిచానని పేపర్లో వచ్చిన ఫొటోను కత్తిరించి, వెనక ఈ ఒక్క వాక్యం రాసి పోస్టు చేశారు. ఫోన్ చేస్తే, "నోటిమాట నాకొద్దు. రాసి పంపు. సంఘం హాల్లో చదివిస్తా, అందరూ వింటారు" అన్నారు. చేనేత సంఘ సభ్యులు కూడా వింటున్నారు కనుక, వారికీ అర్థమయ్యేటట్టు మొదటినుంచీ చెబుతాను.

నాగవల్లి పిన్ని మీ చిన్న కూతురు, మా అమ్మకు చెల్లెలు. ఆమెను కట్టుకున్న లారీ డ్రైవరుకు పెళ్ళినాటికే హెచ్.ఐ.వి. ఉంది. ఆ సంగతి అతనికీ తెలుసు, అతని తల్లికీ తెలుసు. పిన్నికి తెలియదు. చంకలో శివపార్వతిని వేసుకుని పుట్టింటికి వచ్చి, మీ ఇంట్లోనే పోయింది. అప్పుడు నేను చిన్నపిల్లను. కానీ పాడె మోయడానికి మన వీధిలో ఏ తలుపూ తెరుచుకోలేదన్నది నాకు గుర్తుంది.

ఆ దుఃఖంలోంచి మీరు ఒక రూలు తెచ్చారు. నేతపేటలో ఎవరింట పెళ్ళి కుదిరినా, తాంబూలాలకు ముందు ఇద్దరికీ రక్తపరీక్ష చేయించాలి. రిపోర్టు సంఘం హాలులో చదవాలి. ఒప్పుకోని ఇంటి పెళ్ళికి సంఘం రాదు.

నేను అబద్ధమాడి గెలవను. ఆనాడు ఈ రూలు ఉండి ఉంటే పిన్ని పెళ్ళి ఆగి ఉండేది. ఒప్పుకుంటాను. కానీ పిన్నికి కావలసింది ఏమిటి? ఆ మనిషి రిపోర్టు తను చూసుకోవడం. అడిగే ధైర్యం ఆమెకు ఉండడం. అడిగితే "ఎదురు మాట్లాడుతోంది" అనని తండ్రి ఉండడం. ఆ రిపోర్టు వీధికి వినిపించాల్సిన అవసరం ఆమెకు ఏనాడూ లేదు. మీరు బావిలో పడ్డ బిడ్డను తలచుకుని ఊళ్ళో బావులన్నీ పూడ్పించబూనారు. నీళ్ళు కావలసినవాళ్ళు ఎటు పోవాలి?

2017లో పార్లమెంటు చేసిన చట్టం ఉంది. విషయం వివరించి, అంగీకారం తీసుకోకుండా ఎవరికీ ఈ పరీక్ష చేయకూడదు. ఫలితం పరీక్ష చేయించుకున్న మనిషిది. ఆ మనిషి రాసి ఇస్తే తప్ప మరొకరి ముందు పెట్టకూడదు. "మేం బలవంతం చెయ్యట్లేదు, ఇష్టమైతేనే చేయించుకోమంటున్నాం" అంటారని తెలుసు. వెనక వీధి వీధంతా నిలబడి చూస్తుంటే ఇష్టం అనే మాటకు అర్థం ఉండదు తాతయ్యా. మీ రూలు కింద వద్దన్న మనిషిని ఇంకేమీ పరీక్ష చేయనక్కర లేదు. వద్దనడమే రిపోర్టు.

మరొకటి. కొత్తగా సోకిన జబ్బు కొన్ని వారాలపాటు పరీక్షకు దొరక్కపోవచ్చు. మీ హాలులో శుభ్రమని చదివినవాడిని నమ్మి పిల్లనిస్తే, ఆ నమ్మకానికి పూచీ ఎవరు? భయపడ్డవాడు పరీక్ష దగ్గరకే రాడు. పరీక్షకు రానివాడు మందు దగ్గరకు రాడు. మీరు కాపాడతానంటున్న ఆడపిల్లలకు ప్రమాదం అక్కడ మొదలవుతుంది.

ఇది ఆ లారీ డ్రైవరు తరఫు వాదన కాదు. పిన్ని తరఫు వాదన.

మీ మనవరాలు,
ప్రత్యూష


నేతపేట, పెడన మీదుగా
జూన్

చి. ప్రత్యూషకు,

నీ ఉత్తరం ఆదివారం సంఘంలో చదివించాను. మన సెక్రటరీ సంజీవరావు గొంతు నీకు తెలుసుగా, మైకు అక్కర్లేదు. జనం నోళ్ళు తెరుచుకుని విన్నారు. "ఏం రాసిందండీ మీ మనవరాలు, పెద్ద వకీలు కూడా ఇలా రాయడు" అన్నారు. తరవాత రూలు కావాలన్నవాళ్ళు చేతులెత్తమంటే అందరూ ఎత్తారు. కనక బుల్లి లాయరు గారూ, పోటీ మీరు గెలిచారు, ఓట్లు నాకు పడ్డాయి.

నీ చట్టం వచ్చేనాటికి నాగవల్లి పోయి చాలా ఏళ్ళయింది. చట్టం చదువుకున్నదానివి, ఆ పిల్ల ఆఖరి రోజుల్లో ఎట్లా ఉండేదో చదవలేదు. ఎండిన కండెలా అయిపోయింది. "నాన్నా, వాళ్ళకి ముందే తెలుసంట" అన్నదొక్కటే మాట. నన్ను తిట్టనన్నా తిట్టలేదు. ఆ సంబంధం తెచ్చింది నేను. కుర్రాడు ఎర్రగా బుర్రగా ఉన్నాడు, సొంత లారీ, అంతే చూశాను. రక్తం చూడాలని నాకెవరు చెప్పారు? ఇప్పుడు నేను చెబుతుంటే నువ్వు చట్టం చూపిస్తున్నావు.

అంగీకారం, రహస్యం. పెద్ద మాటలమ్మా. ఆ రహస్యమే కదా నా బిడ్డను తిన్నది.

ఇంకో శుభవార్త. శివపార్వతికి సంబంధం కుదిరింది. పక్క వీధి ఉమామహేశ్. మగ్గం మీద కూర్చుంటే లేవడు, నోట్లో నాలుక లేదు. నాగవల్లి కూతుర్ని ఎవరు చేసుకుంటారని ఇన్నాళ్ళూ నాకు నిద్ర లేదు. వాడే వచ్చి అడిగాడు. శివ సంగతి నీకు తెలుసు. నేత దానిది, నెలనెలా చీరల మూట కట్టుకుని బెజవాడ వచ్చి, మీ అమ్మ ఇంట్లో ఉండి అమ్ముకొచ్చేదీ అదే. నా ఇంటికి కొడుకూ కూతురూ అదే.

రూలు పెట్టినవాడు తన ఇంటినుంచే మొదలెట్టాలి. అందుకని మొదటి పరీక్ష మా శివకే. శ్రావణంలో తాంబూలాలు. ల్యాబు కుర్రాడు హాలుకే వచ్చి రక్తం తీస్తాడు. కవరు నేను విప్పను. విప్పితే, ప్రెసిడెంటు గదా, మార్చేశాడంటారు. సీలు కవరు సీలుతోనే సంజీవరావు చేతిలో పెడతాను. నాగవల్లి కూతురు శుభ్రంగా ఉందని ఆ వీధి తన చెవులతో వినాలి. ఆనాడు పాడె పట్టనివాళ్ళంతా వినాలి.

అప్పుడు రా, నీకూ కొత్త చీర పెడతాను.

ఆశీస్సులతో,
సాంబమూర్తి


విజయవాడ
జూలై

తాతయ్య గారికి,

ఈ ఉత్తరం సంఘంలో చదివించవద్దు. మీ ఒక్కరికోసం రాస్తున్నాను.

రూలును ఎదిరించడం ఈ ఉత్తరం ఉద్దేశం కాదు. ఒకే ఒక్క కోరిక. శివపార్వతితో మొదలుపెట్టకండి.

కారణాలు చెప్పగలను. నాగవల్లి పిన్ని పోయిన దుఃఖాన్ని వీధి ముందు ఆ పిల్ల చేత మళ్ళీ మోయించడం న్యాయం కాదు. ఆమెకు తల్లి లేదు, తండ్రి లేడు, ఉన్నది మీరు. మీరు అడిగితే ఆమె కాదనలేదు; కాదనలేని మనిషిని అడిగే హక్కు పెద్దవాళ్ళకు ఉండకూడదు. మీ నిజాయితీని నిరూపించుకోవడానికి ఆమె ఒంటినుంచి రక్తం తీయడం నాకు సమ్మతం కాదు.

తప్పదంటే ఇద్దరినీ విజయవాడ పంపండి. ప్రభుత్వాసుపత్రిలో కౌన్సెలరు ఉంటారు. ఫలితం ఆ ఇద్దరే వింటారు, ఆ ఇద్దరే నిర్ణయించుకుంటారు. లేదా ఒక పూట మగ్గం ఆపి, ఆమెను ఒంటరిగా కూర్చోబెట్టి, "నీకు ఇష్టమేనా తల్లీ" అని అడగండి. జవాబు వెంటనే తీసుకోకండి. కాసేపు ఆగండి.

నా వాదనలో బలం తగ్గిందని మీకు అనిపించవచ్చు. అనిపించనివ్వండి. చేతులు జోడించి అడుగుతున్నాను.

ప్రత్యూష


నేతపేట
జూలై

చి. ప్రత్యూషకు,

చదివించవద్దన్నావు. చదివించాను. దాపరికం వద్దని రూలు తెచ్చినవాడు మనవరాలి ఉత్తరం దాచుకుంటే రేపు నా మాట ఎవడు వింటాడు?

సంజీవరావు చదివి, కళ్ళజోడు తీసి, "అమ్మాయికి పాయింట్లు అయిపోయినట్టున్నాయండీ, బతిమాలుడులోకి దిగింది" అన్నాడు. అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. నువ్వు చేతులు జోడించావంటే ఏదో బాధ పడ్డావని తెలుసు. ఈ ముసలాడి పట్టుదల చూసి బాధపడి ఉంటావు.

నువ్వు చెప్పినట్టే చేశాను. శివను పిలిచి కూర్చోబెట్టి అడిగాను. మగ్గంలో ఆడే నాడె చేతిలో పట్టుకునే వచ్చింది. "ఇష్టమేనా తల్లీ" అన్నాను. నువ్వు ఆగమన్నావని ఆగాను కూడా. నాడె అటూ ఇటూ తిప్పింది. "ఆ కాయితం మీ చేతికే ఇస్తారుగా తాతయ్యా" అంది. నా చేతికే అన్నాను. "అయితే మీ ఇష్టం" అంది.

అంగీకారం కావాలన్నావు. అంగీకరించింది. ఇంక నీ చట్టం ఏమంటుందో చెప్పు.

వచ్చే ఆదివారం రక్తం తీస్తారు. ఆ పై ఆదివారం చదువుతారు. మీ అమ్మ హైమను కూడా తీసుకురా. అక్క పెళ్ళి తాంబూలాలకు నువ్వు రాకపోతే బాగోదు. అక్కేమిటి, నీకంటే చిన్నదేగా. వయసు మీద పడి వరసలు కూడా తప్పుతున్నాను.

సాంబమూర్తి


నేతపేట
ఆగస్టు

ప్రత్యూషకు,

ఈ ఉత్తరం ఎక్కడా చదివించడం లేదు. రాసేవాడికే సరిగా కనబడటం లేదు.

సంజీవరావు కవరు చించాడు. వాడు ఎప్పటిలాగే గట్టిగా చదివాడు. చదివిన తరవాత గానీ ఏం చదివాడో వాడికి అర్థం కాలేదు. నాకు అంతకంటే ఆలస్యంగా అర్థమైంది. శివ ఆడవాళ్ళ వైపు కూర్చుని ఉంది. నన్ను చూసింది. కవరును చూడలేదు, సంజీవరావును చూడలేదు. నన్నే చూసింది. పక్కనున్న ఆడవాళ్ళు లేవలేదు. చాప మీద కొంచెం కొంచెంగా జరిగారు. కాసేపటికి దాని చుట్టూ చాప ఖాళీ అయింది.

మర్నాడు మా పడుగు వంతు. నీకు తెలుసు, మా వీధిలో ఎవరి పడుగైనా అందరిదీ. తెల్లారకముందే ఆ నిలువు పోగులు వీధి పొడుగునా పరిచి గంజి పట్టిస్తాం. రెండు కొసలూ బిగలాగడానికి మనుషులుండాలి, కుంచెలు తోలడానికి ఇంకొందరుండాలి. గంజి ఆరేలోగా కుంచె పడకపోతే పోగుకు పోగు అతుక్కుని పడుగు కట్టెపుల్లవుతుంది. పిలవనక్కర్లేదు, ఎవరి గుమ్మం ముందు పడుగు పరిచినా అందరూ వచ్చేస్తారు. నేను పుట్టినప్పటినుంచీ అంతే.

ఒక కొస నేను పట్టాను. రెండో కొస శివ పట్టింది. గంజి పట్టించాం. ఎవరూ రాలేదు. తలుపులు మూసుకోలేదు, అదే విచిత్రం. అందరూ అరుగుల మీద ఉన్నారు. పళ్ళు తోముకుంటున్నారు, పిల్లలకు జడలు వేస్తున్నారు. మావైపు చూసి ఊరుకున్నారు.

ఉమామహేశ్ వచ్చాడు. కుంచె తీసుకుని ఒక్కడూ తోలడం మొదలెట్టాడు. వాళ్ళ నాన్న వెనకే వచ్చి రెక్క పట్టుకున్నాడు. అప్పుడన్నాడు ఆ పిల్లాడు, "నాకు ముందే తెలుసు నాన్నా. పెళ్ళి మాట అనకముందే శివ చెప్పింది. నేనే చేసుకుంటానన్నాను." వాళ్ళ నాన్న వాణ్ణి ఈడ్చుకుపోయాడు. కుంచె గంజిలో పడిపోయింది.

ఎండెక్కింది. పడుగు అతుక్కుపోయింది. శివ కొస వదిలి లోపలికి వెళ్ళింది. గూట్లోంచి ఒక డబ్బా తీసుకుని కాలవ వైపు పోయింది. ఒట్టి చేతులతో వచ్చింది. సాయంత్రానికి ఇంట్లో లేదు. మీ దగ్గరికి చేరిందని ఉమామహేశ్ చెప్పాడు.

డబ్బాలో ఉన్నవి ఏ మందులో ఇప్పుడు తెలుసు. నెలనెలా చీరల మూటతో బెజవాడ ఎందుకు వచ్చేదో తెలుసు. నాగవల్లి పోయిన కొన్నాళ్ళకు హైమ ఆ పిల్లకు పరీక్ష చేయించి, "జబ్బేమీ లేదు నాన్నా" అని నా కళ్ళలోకి చూసి చెప్పింది. ఆ మాట పట్టుకుని బతికాను.

నీకూ తెలుసు. చేతులు జోడించిన నాడు తెలుసు. ఒక్క మాట, ఒక్కటే మాట రాసి ఉంటే ఆపేవాణ్ణి. తెలిసీ చెప్పలేదు. మీ తల్లీ కూతుళ్ళు నా చేత నా పిల్లను చంపించారు.

సాంబమూర్తి


విజయవాడ, ప్రభుత్వాసుపత్రి
నవంబరు

తాతయ్య గారికి,

"తెలిసీ చెప్పలేదు." ఇది రెండో నేరం. జవాబుకు ఇన్ని నెలలు పట్టింది, ఎందుకంటే జవాబులో ప్రతి మాటా శివపార్వతిది. తను సరేననే వరకు రాయడానికి నాకు హక్కు లేదు. నిన్న సరేనంది. ఈ ఉత్తరం ఆమె మంచం పక్కన కూర్చుని రాస్తున్నాను. వాక్యం రాయడం, చదివి వినిపించడం, వద్దన్నది కొట్టేయడం. మిగిలినదే మీకు పంపుతున్నాను. ఇది మాత్రం సంఘంలో చదివించండి. సంజీవరావు గారి గొంతుతోనే. ఇది ఆమె అంగీకారం. అంగీకారం ఎలా ఉంటుందో సభ్యులు ఒకసారి చూడాలి.

అవును, తెలుసు. చిన్నప్పటినుంచీ తెలుసు. మీతో వాదించిన ప్రతి ఉత్తరంలోనూ ఆ ఒక్క మాట నా దగ్గరే ఉంది. వాడి ఉంటే మీరు ఆ క్షణంలో ఓడిపోయేవారు. కానీ అది నా మాట కాదు. ఒకరి రక్తంలో ఉన్నదాన్ని వారి అనుమతి లేకుండా మరొకరి ముందు పెట్టరాదని మీతో వాదిస్తూ, అదే పని చేసి నేను గెలవాలా? ఆ పైన, చదివించవద్దని వేడుకున్న ఉత్తరాన్ని కూడా మీరు హాలులో చదివించారు. చెప్పి ఉంటే ఎక్కడ చదివించేవారు?

రక్తం తీసే ఆదివారం నేను పెడన బస్సు ఎక్కబోయాను. శివే ఫోన్ చేసి ఆపింది. "కాదంటే అదే రిపోర్టు కదక్కా, నువ్వే రాశావుగా. తాతయ్య చేతికే ఇస్తారంట. చదువుకుని జేబులో పెట్టుకుంటాడు. తర్వాత నేను నెమ్మదిగా చెప్పుకుంటా" అంది. మీరు కవరు విప్పనని నాకు ఉత్తరంలో రాశారు. ఆమెకు చెప్పలేదు. నేనూ ఫోన్లో ఆ మాట అన్నాను, ఆమె నమ్మలేదు. "నువ్వు తాతయ్యతో వాదించడమే చూశావు. ఆయన నాకు అన్నం కలిపి పెట్టడం చూడలేదు" అంది. ఆమె ఇచ్చిన అంగీకారం అది. మీమీద నమ్మకం తాతయ్యా, మీ రూలుమీద కాదు.

మా అమ్మ అబద్ధం చెప్పిందన్నది నిజం. ఎప్పుడు నిశ్చయించుకుందో కూడా వినండి. పిన్ని పోయిన మర్నాడు, వీధి భయానికి, ఆమె కూర్చుని నేసిన గుంటమగ్గం గోతిని మీరు మట్టితో పూడ్పించారు. అమ్మ గుమ్మంలో నిలబడి చూసింది. కన్నకూతురు కూర్చున్న గోతినే పూడ్చిన చేతికి, పసిదాని రిపోర్టు ఎలా ఇవ్వగలదు? అబద్ధం చెప్పి, బలానికని మందులు వేయించి, అమ్మ ఆ పిల్లను కాపాడుకొచ్చింది. మందులు క్రమంగా పడుతున్నంత కాలం ఆమె రక్తంలో జబ్బు లెక్కకు అందనంతగా అణగి ఉండేది. ఆమెనుంచి భర్తకు సోకే ప్రమాదం లేదని డాక్టరు ఆమెకూ ఉమామహేశ్‌కూ ఒకే గదిలో కూర్చోబెట్టి చెప్పాడు. అతను విన్నాడు, ఆలోచించుకున్నాడు, మీ గుమ్మానికి వచ్చి పిల్లనడిగాడు. పిన్నికి దక్కనిది సరిగ్గా ఇదే. మీ రూలు ఏ న్యాయాన్ని సాధిస్తానందో, ఆ న్యాయాన్ని ఆ ఇద్దరూ ఎవరి రూలూ లేకుండా సాధించుకున్నారు. మీరు దాన్ని మైకు అక్కర్లేని గొంతుతో చంపారు.

ఇక మీ అసలు మాట. "ఒక్క మాట రాసి ఉంటే ఆపేవాణ్ణి." దీనికీ జవాబు చెబుతాను. మనవరాలని తెలిస్తే ఆపేవారు. అంటే పొరుగింటి పిల్లయితే చదివించేవారు. మీ రూలు మీద నేను రాసిన వాదనలన్నీ కలిపినా, మీరు రాసిన ఈ ఒక్క వాక్యం అంత బలంగా దాన్ని ఖండించలేదు.

శివకు ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరింది. జ్వరం దిగడం లేదు. మందులు మళ్ళీ మొదలుపెడితే బతికే అవకాశం ఉందని డాక్టరు అంటున్నాడు. మాత్ర నోట్లో పెడితే చెంపకు దాచి, నర్సు వెళ్ళాక ఉమ్మేస్తోంది. నేను చేతనైనంత వాదించాను. పోటీల్లో కప్పులు తెచ్చిన నోరు ఇది. విని, గోడవైపు తిరిగింది. చివరికి నిన్న అంది: "వేసుకుంటే బతుకుతానక్కా, నాకు తెలుసు. బతికి ఏ వీధిలో పడుగు వెయ్యను?"

జవాబు చట్టంలో ఉందేమోనని చూశాను. ఫిర్యాదు రాస్తే విచారణ జరుగుతుంది, జరిమానా పడుతుంది. ఏ కోర్టూ ఒక మనిషిని తెల్లవారుజామున అరుగు దింపి వీధిలోకి పంపలేదు. శివ ఫిర్యాదు వద్దంది, రాయలేదు.

కనుక సభ్యులారా, ఇక్కడినుంచి మీతో మాట్లాడుతున్నాను. సంజీవరావు గారూ, దయచేసి ఆపకుండా చదవండి.

ఆమె ప్రశ్న మిమ్మల్ని అడిగింది. ఈ ఉత్తరం చదివిన మర్నాడు తెల్లవారకముందే, మా తాతయ్య తన గుమ్మం ముందు శివపార్వతి పడుగు పరుస్తారు. పరవమని ఇందుమూలంగా ఆయన్ని అడుగుతున్నాను. ఒక కొస ఆయన పడతారు. రెండో కొస నేలమీద ఉంటుంది. గంజి ఆరేలోగా మీరు రండి. రాదలచుకోనివాళ్ళు ఇప్పుడే, ఈ హాలులోనే ఒక్కొక్కరూ లేచి, ఆమె రిపోర్టు చదివినంత గట్టిగా, తమ పేరు చెప్పి, "నేను రాను" అనండి.

హాలునుంచి నాకు ఫోన్ కలిపి ఉంచండి, ఇక్కడ దాన్ని ఆమె చెవి దగ్గర పెట్టి ఉంచుతాను. చెప్పండి.

ప్రత్యూష